తేదీ వ్రాయువాడు, తేదీ చదువువాడు



ఈ పూట నేను మీతో ముచ్చటింపబోవు విషయము చూచుటకు మిక్కిలి చిన్నది. ఒక కాగితముపై 3-4-52 అని వ్రాసియున్నదనుకొనుడు. అది యే దినము? మీలో ననేకులు వెంటనే "1952 ఏప్రిల్ 3వ తేదీ" యని చెప్పుదురు. ఆ కాగితమునే అమెరికా దేశస్థునకు చూపినచో నతడు మార్చి 4వ తేదీ యనును. ఒక కంప్యూటరునకు చూపినచో, అది 2052వ సంవత్సరమని చెప్పినను చెప్పవచ్చును. అంకెలు మారలేదు, సిరా మారలేదు, కాగితము మారలేదు. చదువువాని మనస్సులోని నియమము మారినది. దానితో దినము మారినది, సంవత్సరము మారినది, ఒక మనుష్యుని వయస్సే మారిపోయినది.

"దీనితో మాకేమి పని?" యని మీరడుగవచ్చును. నేడు మన భూముల పట్టాలు, రేషను కార్డులు, బ్యాంకు ఖాతాలు, వృద్ధుల పింఛనులు అన్నియు యంత్రముల చిట్టాలలోనికి ఎక్కినవి. వయస్సు చాలదని యంత్రము చెప్పినచో, ఎదుట నెరసిన తల కనబడుచున్నను గుమాస్తా యేమియు చేయజాలడు. కావున ఒక తేదీని ఒకడొక విధమున వ్రాయగా, మరియొకడు మరియొక విధమున చదువుటవలన గలిగిన చిక్కుల చరిత్రను కొంచెము తెలిసికొనుట మనకు అవసరమే.

మొదట మన దేశమునందే ఒక రాతిని చూతము. హనుమకొండలో వేయిస్తంభముల గుడి యున్నది. కాకతీయ రుద్రదేవుడు దానిని కట్టించి, అందు రుద్రేశ్వరుని, వాసుదేవుని, సూర్యుని ప్రతిష్ఠించి శాసనము వేయించెను. ఆ శాసనమున కాలము చెప్పిన విధము గమనింపదగినది. శకవర్షము 1084, సంవత్సరము చిత్రభాను, మాసము మాఘము, పక్షము శుద్ధము, తిథి త్రయోదశి, వారము వడ్డవారము, అనగా శనివారము. ఇంగ్లీషు లెక్కకు అది 1163 జనవరి 19వ తేదీ. ఒక్క దినమును చెప్పుటకు ఆరు మాటలు వాడిరి.

ఆరు మాటలెందుకు? ఒక్కొక్క మాట యితర మాటలకు సాక్షి. చిత్రభాను సంవత్సరమని మాత్రమే చెప్పియుండినచో, అది యరువదియేండ్లకొకమారు వచ్చును గనుక ఏ చిత్రభానువో తెలియదు. శకవర్షము తోడుగా నున్నది గనుక సందేహము లేదు. శిల్పి యుళి జారి ఒక అంకె చెడినను, వానకు రాయి అరిగిపోయినను, సంవత్సరము పేరు దానిని సరిదిద్దును. తిథిని వారము కాపాడును. వారమును తిథి కాపాడును. అన్నియు నేకవాక్యముగా కుదిరినచో ఆ తేదీ నిజమైనది. కుదరనిచో ఎక్కడనో పొరపాటున్నదని వెంటనే తెలియును.

ఈ సాక్ష్యములను పరీక్షించుటకే దివాన్ బహదూర్ ఎల్. డి. స్వామికన్ను పిళ్లగారు గొప్ప పరిశ్రమ చేసిరి. క్రీస్తుశకము 700 మొదలు 1799 వరకు గల ప్రతి దినమునకును తిథివారములు చూపు పట్టికలను వారు సిద్ధపరచగా, అవి 1922లో చెన్నపట్టణమున అచ్చుపడెను. శాసన పరిశోధకులు ఆ సంపుటములు ముందుంచుకొని రాతిమీది తేదీని సరిచూచుట పరిపాటియైనది. వ్రాసినవాడు పోయి యెనిమిది వందల యేండ్లైనను, చదువువాడు అతని మాట నిజమో కాదో తేల్చుకొనుటకు వీలున్నదన్నమాట.

అట్లని మన పూర్వుల పద్ధతులలో చిక్కులు లేవని చెప్పజాలము. శాసనములలో సంవత్సరమును అంకెలతో గాక మాటలతో చెప్పు ఆచారము కూడ నుండెను. చంద్రుడన్న ఒకటి, అగ్ని యన్న మూడు, వేదమన్న నాలుగు, బాణమన్న ఐదు. "వేద, బాణ, అగ్ని, చంద్ర" యని వరుసగా నున్నచో, నాలుగువేల ఐదువందల ముప్పదియొకటి యని చదువరాదు. ఈ లెక్క ఒకట్ల స్థానమునుండి మొదలై పైకి నడచును. కనుక అది 1354. అంకెలు ఎడమవైపునకు నడచునను నియమము తెలిసినవానికది శకవర్షము. తెలియనివానికి మూడువేల యేండ్ల తరువాతి కాలము. వ్రాత యొక్కటే, నియమము వేరు.

మాసములయందును ఇట్టి భేదమే కలదు. మనకు మాసము అమావాస్యతో ముగియును. ఉత్తరదేశమున ననేక ప్రాంతములలో పూర్ణిమతో ముగియును. అందుచేత మనము మాఘ బహుళ చతుర్దశి యని చెప్పు మహాశివరాత్రిని వారు ఫాల్గుణ కృష్ణ చతుర్దశి యందురు. ఉపవాసము ఒక్క రాత్రియే. పేరు రెండు మాసములది. మన పంచాంగమునుబట్టి వ్రాసిన తిథిని కాశీ పంచాంగమునుబట్టి చదివినచో ఒక మాసము తప్పును.

సంవత్సరారంభము సంగతి చూడుడు. ఉగాదికి మనకు సంవత్సరము మారును. రెవిన్యూ లెక్కలలో ఫసలీ జూలై 1వ తేదీన మారును. 1949 జూలై మొదలు 1950 జూన్ వరకు 1359వ ఫసలీ. నిజాము రాజ్యమున వాడిన ఫసలీ యైతే అక్టోబరు మొదట ఆజూరు మాసముతో మొదలయ్యెడిది. కరణముల దస్త్రములలో "ఫసలీ" యను మాట ఒక్కటే. ఏ సర్కారు ఫసలీయో తెలియనిదే శిస్తు ఏ పంటదో తెలియదు.

దినారంభము కూడ నంతియే. మన పంచాంగమున సూర్యోదయముతో దినము మొదలగును. తెల్లవారుజామున మూడుగంటలకు పుట్టిన శిశువునకు జాతకమున ముందునాటి వారమే వ్రాయుదురు. ఇంగ్లీషు లెక్కకు అర్ధరాత్రి దాటగానే మరుసటి దినము. ఈ సంగతి జ్ఞాపకముంచుకొనుడు. యంత్రముల కథలో ఇది మరల వచ్చును.

ఇక ఐరోపా ఖండమునకు పోవుదము. అక్కడ పూర్వము జూలియస్ సీజరు ఏర్పరచిన లెక్క నడచుచుండెను. ఆ లెక్కలో నాలుగేండ్లకొక అధిక దినము తప్పక వచ్చును. అది సూర్యుని గతికి కొంచెము హెచ్చు. శతాబ్దములు గడచుకొలది ఆ కొంచెము పది దినములాయెను. 1582లో పోపు పదుమూడవ గ్రెగరీ దానిని సవరింపగా, అక్టోబరు 4, గురువారము తరువాతి దినము అక్టోబరు 15, శుక్రవారమాయెను. అన్ని దేశములును ఒక్కసారి ఒప్పుకొనలేదు. ఇంగ్లండు 1752 వరకు ఆగెను. అక్కడ సెప్టెంబరు 2 తరువాత సెప్టెంబరు 14 వచ్చెను. రష్యా 1918లో మారెను. అక్కడ జనవరి 31 తరువాతి దినము ఫిబ్రవరి 14 అయ్యెను.

ఇంగ్లండులో మరియొక మార్పు కూడ అప్పుడే జరిగెను. అంతకుముందు అక్కడ చట్టము లెక్కకు కొత్త సంవత్సరము మార్చి 25న మొదలగుచుండెను. 1752 నుండి జనవరి 1న మొదలుపెట్టిరి. దీని ఫలమునకు ఒక ప్రసిద్ధ పురుషుని జన్మదినమే చాలును. అమెరికా మొదటి యధ్యక్షుడైన జార్జి వాషింగ్టను పాత లెక్కకు 1731 ఫిబ్రవరి 11న పుట్టెను; కొత్త లెక్కకు 1732 ఫిబ్రవరి 22న పుట్టెను. పుట్టుక ఒక్కటే, దినమును మారెను, సంవత్సరమును మారెను. అందుచేతనే ఆ కాలపు జాగ్రత్తగల లేఖకులు జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల తేదీలకు రెండు సంవత్సరముల అంకెలను ప్రక్కప్రక్కన వ్రాయుచుండిరి. రుద్రదేవుని శిల్పి చేసిన పనియే వారును చేసిరి. చదువువానికి సందేహము కలుగునేమో యని మరియొక సాక్షిని తోడిచ్చిరి.

అంకెల వరుస భేదము మనకు నేడు ఎక్కువగా తగులుచున్నది. ఇంగ్లండువారు దినము, మాసము, సంవత్సరము అను వరుస వాడుదురు. మనము వారి కచేరీలలో అలవాటుపడి అట్లే వ్రాయుచున్నాము. అమెరికావారు మాసము మొదట చెప్పి దినము తరువాత చెప్పుదురు. మాసము పేరు అక్షరములలో వ్రాసినంతకాలము ఎవరికిని బాధ లేదు. అంకెలలో వ్రాసినప్పుడే చిక్కు. 25-4-52 అని యున్నచో ఎవరును పొరబడరు. ఇరువదియైదవ మాసము లేదు గదా. దినము పండ్రెండు లోపల నున్నచో పొరబాటునకు తావు కలదు. లెక్కించి చూడుడు. మాసమునకు పండ్రెండు దినముల చొప్పున నూటనలుబదినాలుగు దినములు. అందులో 5-5, 6-6 వంటివి పండ్రెండు తీసివేసినచో మిగిలినవి నూటముప్పదిరెండు. సంవత్సరమున ఈ 132 దినములును ఎటు చదివినను చెల్లుబాటగును. తప్పైన తేదీ తప్పుగా కనబడదు, ఒప్పువలెనే కనబడును. అపాయమంతయు నిందే యున్నది.

ఇప్పుడు యంత్రముల కాలమునకు వత్తము. అమెరికాలో 1890వ సంవత్సరపు జనాభా లెక్కలకు హెర్మన్ హాలరిత్ అను నతడు రంధ్రములు పొడిచిన అట్టముక్కలను, వానిని చదువు యంత్రములను వాడెను. 1928లో ఐ.బి.ఎమ్. కంపెనీవారు ఎనుబది గళ్ల అట్టను తెచ్చిరి. ఒక మనుష్యుని వివరములన్నియు ఆ ఎనుబది గళ్లలో నిముడవలెను. సంవత్సరమునకు నాలుగు గళ్లిచ్చుట దుబారాగా తోచెను. పందొమ్మిది యని ప్రతిసారి చెప్పనేల? 1952కు బదులు 52 చాలుననిరి. కంప్యూటరులు వచ్చిన తరువాత కూడ, వాని జ్ఞాపకస్థలము మిక్కిలి ఖరీదు గనుక, ఆ పొదుపే కొనసాగెను. మన పూర్వులు రాతిపై చెక్కుట ఎంత శ్రమయైనను ఆరు సాక్షులను నిలిపిరి. వీరు రెండు గళ్ల కొరకు శతాబ్దమునే విడిచిపెట్టిరి. ప్రభవ, విభవ యని మాత్రము చెప్పి శకవర్షము విడిచినట్లైనది.

ఈ పొదుపు కొంప ముంచునని బాబ్ బీమర్ అను కంప్యూటరు పండితుడు 1971లోనే హెచ్చరించెను. వినినవారు కొద్దిమంది. 1990 తరువాత గాని లోకము మేల్కొనలేదు. 1999 ముగిసి 2000 రాగానే 99 తరువాత 00 వచ్చును. యంత్రము దానిని 1900 అనుకొనినచో బ్యాంకుల వడ్డీలు, భీమాలు, జీతములు అన్నియు తలక్రిందులగును. కోట్లకొలది పంక్తుల పాత ప్రోగ్రాములను వెదకి సరిదిద్దవలసి వచ్చెను. మన తెలుగుదేశమునకు ఈ కథతో నిజమైన సంబంధము కలదు. ఆ సంవత్సరములలో హైదరాబాదునుండియు, కోస్తా జిల్లాల పల్లెలనుండియు ననేకులైన యువకులు, యువతులు కోబాల్ అను పాత యంత్రభాషను నేర్చి, ఈ తేదీల మరమ్మతుకై అమెరికాకు పోయిరి. నేడు మీ యింటనో, మీ యెదురింటనో విదేశమున స్థిరపడినవారున్నచో, వారి ప్రయాణము ఈ రెండంకెల పొరపాటుతో మొదలై యుండవచ్చును.

మరమ్మతుతో చిక్కు తీరెనా? తీరలేదు. ఎందుకో తెలియుటకు రెండు మాటల యర్థము చెప్పవలెను. డేటాబేసు అనగా చిట్టాల కొట్టు. లక్షలమంది వివరములను గళ్లు గళ్లుగా భద్రపరచు యంత్రసాధనము. ప్రోగ్రాము లైబ్రరీ యనగా చదువుకొను గ్రంథాలయము కాదు. మాటిమాటికి పడు పనులకై ఒకరు వ్రాసియుంచగా పలువురు వాడుకొను సిద్ధమైన ఆజ్ఞల సంపుటి. కొట్టులోని చిట్టాను తీసి, చదివి, మన యెదుటికి తెచ్చు గుమాస్తా యని దానిని భావింపుడు. కొట్టు కట్టినవారొకరు, గుమాస్తాను తయారుచేసినవారు మరియొకరు. ఇరువురును వేర్వేరు దేశముల, వేర్వేరు కాలముల వారు. తేదీని గూర్చి ఒకరి నియమము మరియొకరికి తెలియనిచో నేమగును? మూడు నాలుగు నిజమైన యుదాహరణములు చెప్పెదను.

మొదటిది శతాబ్దపు చిక్కు. రెండంకెల సంవత్సరము వచ్చినప్పుడు ఏ శతాబ్దమని ఊహింపవలెనో ఒక్కొక్క సాధనము ఒక్కొక్క హద్దు పెట్టుకొన్నది. మైక్రోసాఫ్టువారి ఎస్.క్యూ.ఎల్. సర్వరు అను డేటాబేసు, ఎవరును మార్చనిచో, 50 నుండి 99 వరకు 1900లలోను, 49 వరకు 2000లలోను చేర్చును. మైఎస్క్యూఎల్ అను డేటాబేసు 70 దగ్గర హద్దు గీచినది. పైథాన్ అను భాషలోని తేదీల లైబ్రరీ 69 దగ్గర గీచినది. కావున 52 అని వ్రాసినచో మొదటిది 1952 అనును, తక్కిన రెండును 2052 అనును. 69 అని వ్రాసినచో పైథాన్ 1969 అనును, మైఎస్క్యూఎల్ 2069 అనును. నందన సంవత్సరమున పుట్టిన ముసలివాడు, యంత్రము దృష్టిలో నింకను పుట్టనేలేదు. పుట్టనివానికి పింఛను ఎవరిత్తురు?

రెండవది తెలియని తేదీల చిక్కు. ఇది మన పల్లెలకు మిక్కిలి దగ్గరది. వెనుకటి తరములలో పుట్టిన దినము వ్రాసియుంచినవారు కొద్దిమంది. "గాలివాన వచ్చిన యేడు", "పెద్దన్న పెండ్లియైన మరుసటి యేడు" యని తల్లులు చెప్పుట మీరెరుగుదురు. మైఎస్క్యూఎల్ కట్టినవారు ఈ సంగతి నాలోచించిరి. పుట్టిన సంవత్సరము తెలిసి మాసము, దినము తెలియనిచో 1950-00-00 అని సున్నలు వ్రాయుటకు వీలు కల్పించిరి. ఏమియు తెలియనిచో అన్నియు సున్నలే వ్రాయవచ్చుననిరి. ఉద్దేశము మంచిదే. అయితే జావా యను భాషలోని గుమాస్తాకు సున్న మాసమనునది లేదు. అన్నియు సున్నలైన తేదీ ఎదుట పడగానే, వేరుగా చెప్పనిచో, అతడు పని మాని "ఇట్టి దినము లేదు" అని మొరపెట్టును. "ఖాళీ యనుకొమ్ము" అని ముందుగా చెప్పినచో ఖాళీ యనును. "దగ్గరి దినము వేయుము" అని చెప్పినచో క్రీస్తుశకము 1వ సంవత్సరము జనవరి 1 అని వేయును. కొట్టులోని మాటకు "తెలియదు" అని యర్థము. గుమాస్తా దానిని తప్పుగానో, ఖాళీగానో, రెండువేల యేండ్ల వయస్సుగానో మార్చుచున్నాడు. 2015లో వచ్చిన మైఎస్క్యూఎల్ 5.7 నుండి ఇట్టి సున్నలను, ప్రత్యేకముగా కోరిననే గాని, ఒప్పుకొనకుండ కట్టుదిట్టము చేసిరి. ముందే చేరిన సున్నలు మాత్రము పాత చిట్టాలలో నిలిచియే యుండును.

మూడవది దినారంభపు చిక్కు. ఇందాక జ్ఞాపకముంచుకొనుడని చెప్పితిని. కొన్ని కొట్టులు తేదీని దినముగా గాక ఒక క్షణముగా భద్రపరచును. దినమునకు బదులు ఆ దినపు అర్ధరాత్రిని వ్రాసికొనును. మన గడియారము గ్రీనిచ్ గడియారముకన్న ఐదున్నర గంటలు ముందు. 1950 జూలై 1వ తేదీ మన అర్ధరాత్రి యగుసరికి అక్కడ జూన్ 30 సాయంకాలము ఆరున్నర గంటలు. గుమాస్తా గ్రీనిచ్ లెక్కతో చదివినచో తేదీ ఒక దినము వెనుకకు జరుగును. ఒక్క దినమే కదా యనరాదు. జూలై 1 నాడు 1360వ ఫసలీ మొదలు. జూన్ 30 నాడు 1359వ ఫసలీ ముగింపు. ఒక్క దినము జరిగినచో ఒక సంవత్సరపు శిస్తు మరియొక సంవత్సరపు ఖాతాలో పడును.

నాలుగవది పంచాంగపు చిక్కు. రుద్రదేవుని శాసనపు తేదీని ఎవరైనను చరిత్రకొరకు యంత్రములో చేర్చిరనుకొందము. జావాలోని పాత తేదీల లైబ్రరీ 1582కు ముందు సీజరు లెక్కను, తరువాత గ్రెగరీ లెక్కను వాడును. పోస్ట్‌గ్రెస్ అను డేటాబేసు గ్రెగరీ లెక్కనే వెనుకకు కూడ సాగదీయును. 1163 నాటికి ఆ రెంటికిని ఏడు దినముల భేదము. దినములను వరుస సంఖ్యగా మార్చి ఒకటి మరియొకదానికి అందించినప్పుడు జనవరి 19 అని చేర్చినది జనవరి 26 అని బయటికి రావచ్చును. ఎదురు దిక్కున పోయినచో జనవరి 12 అని రావచ్చును. ఇక్కడ ఒక విచిత్రమున్నది. ఏడు దినములు తప్పినప్పుడు వారము మారదు. శనివారము శనివారముగానే యుండును. వారము మాత్రమే చూచినవాడు మోసపోవును. మాఘ శుద్ధ త్రయోదశి యని శిల్పి చెక్కిన తిథి మాత్రము మోసపోదు. ఏడు దినములు వెనుకకు పోయినచో చంద్రుడింకను సగమైనను నిండడు. ఆరవ సాక్షి తడబడినప్పుడు అయిదవ సాక్షి నిలిచెను. ఎనిమిది వందల యేండ్ల నాటి జాగ్రత్త నేటి యంత్రముల పొరపాటును పట్టియీయగలదు.

ఈ చిక్కులు తీర్చుటకు ప్రయత్నములు జరుగలేదా యన్నచో, జరిగినవి. అంతర్జాతీయ ప్రమాణముల సంస్థవారు 1988లో 8601 అను సంఖ్యగల ప్రమాణమును ప్రకటించిరి. దాని ప్రకారము మొదట నాలుగంకెల సంవత్సరము, పిమ్మట రెండంకెల మాసము, చివర రెండంకెల దినము: 1952-04-03. పెద్దది మొదట, చిన్నది తరువాత. మీరు సంకల్పము చెప్పుకొనునప్పుడు సంవత్సరము, అయనము, ఋతువు, మాసము, పక్షము, తిథి, వారము అను వరుసను తప్పరు గదా; రాతిమీది వరుసయు నదియే. కొత్తదని ప్రకటించిన వరుస మనకు చిరపరిచితమైనదే.

ఈ ప్రమాణమును కూడ అందరు గుమాస్తాలును ఒక్కరీతిగా చదువరు. పైన చెప్పిన ఎస్.క్యూ.ఎల్. సర్వరులో భాష బ్రిటిషు ఇంగ్లీషని యేర్పరచినచో, పాత రకపు తేదీ గడి 2024-04-03 అనుదానిని సంవత్సరము, దినము, మాసము అను వరుసలో చదివి మార్చి 4 అనును. 2008లో అదే డేటాబేసునకు చేర్చిన కొత్త రకపు గడి దానినే ఏప్రిల్ 3 అని సరిగా చదువును. ఒక్క యింటనే ఇరువురు గుమాస్తాలు, ఇద్దరివి రెండు మాటలు. ప్రమాణమును వ్రాయుట ఒక యెత్తు, చదువువాడు దానిని పాటించుట మరియొక యెత్తు.

ఈ చరిత్రయంతయు చూచిన పిమ్మట నాకు తోచినదేమనగా: అంకెలలో తేదీ సగమే యుండును, తక్కిన సగము దానిని వ్రాసినవాని నియమములో నుండును. నియమము తోడులేని తేదీ మొదలు చెప్పని సరిహద్దు వంటిది. మనిషి చదువునప్పుడు, సందేహము వచ్చినచో ఆగి యడుగును. ముసలివాని మొగము చూచి "ఇది 2052 కాజాలదు" అని తెలిసికొనును. యంత్రమునకు మొగము కనబడదు, సందేహము రాదు. దానికి చెల్లుబాటగునది చాలును, నిజము కానక్కరలేదు. కావున సందేహపడు పని మనుష్యులదే.

మీకు నా మనవి కొన్ని మాటలలో చెప్పి విరమింతును. ఏ దరఖాస్తు వ్రాసినను సంవత్సరమును నాలుగంకెలలో వ్రాయుడు. చోటున్నచో మాసము పేరును అక్షరములలో వ్రాయుడు. పుట్టిన దినము పండ్రెండు లోపల నున్నచో, రసీదు చేతికి రాగానే మనుమనిచేతనో మనుమరాలిచేతనో ఆ తేదీని మాసము పేరుతో పైకి చదివించుకొని వినుడు. 3-4 అని గాక "ఏప్రిల్ మూడు" అని చదివింపుడు. 1952 ఏప్రిల్ 3 గురువారము, నందన సంవత్సరము. మార్చి 4 మంగళవారము, ఇంకను ఉగాది రాని ఖర సంవత్సరము. మీ తల్లి చెప్పిన వారమో, సంవత్సరము పేరో మీకు జ్ఞాపకమున్నచో, అది మూఢాచారమని త్రోసిపుచ్చకుడు. యంత్రము తప్పినప్పుడు అదియే సాక్ష్యము. ఇంటిలోని పాత పుస్తకమున అటకమీద నట్టి వ్రాత యేదైన నున్నచో పిల్లలకు చూపి భద్రపరచుడు.

యంత్రములకు ఆజ్ఞలు వ్రాయు పనిలో నున్న మన బిడ్డలకు కూడ ఒక మాట. సందేహమున్న తేదీని ఊహించి పూరింపవద్దు. తెలియనిదానిని తెలియదనియే వ్రాయుడు. మీరు వ్రాసిన తేదీని మీరెరుగని గుమాస్తా, మీరు లేని కాలమున చదువును. అతనికి నియమమును కూడ తోడిచ్చి పొండు. హనుమకొండ రాతిపై ఉళి పట్టిన ఆ పేరు తెలియని శిల్పికి మనమెవరమో తెలియదు. ఐనను ఎనిమిది వందల యేండ్ల తరువాత వచ్చి చదువబోవువారు పొరబడకుండవలెనని ఆరు మాటలు చెక్కెను.